రూన్‌క్వెస్ట్ లింకు డాక్యుమెంట్లు: ఒక ఆట పేరు ఎన్ని చేతులు మారింది

క్లయింట్లు ఇద్దరు. ఒకరిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంకొకరు బొమ్మలు వేస్తారు. ఆదివారాలు టేబుల్ చుట్టూ కూర్చుని రోల్‌ప్లేయింగ్ గేమ్‌లు ఆడే బృందం వాళ్లది. సొంతంగా ఒక తెలుగు ఆట రాసి, అచ్చు వేసి అమ్మాలన్నది కోరిక. వస్తూనే నా బల్ల మీద ఐదు పుస్తకాలు పేర్చారు. నాలుగింటి అట్ట మీద ఒకటే పేరు, రూన్‌క్వెస్ట్. ప్రచురణకర్తలు మాత్రం నలుగురు: కేయోసియమ్, అవలాన్ హిల్, మంగూస్, డిజైన్ మెకానిజం. ఐదో పుస్తకం పేరు మిత్రాస్. తెరిచి చూస్తే నాలుగో పుస్తకంలోని నియమాలే చాలావరకు అందులోనూ ఉన్నాయి.

"ఈ నియమాల మీద మా ఆట కట్టుకోవాలంటే అనుమతి ఎవరినడగాలి సార్?" అని అడిగారు.

లైసెన్స్ ఒప్పందాలు రాయడం, హక్కుల వరుస సరిచూడడం నా వృత్తి. పొలం కొనేవాడు ఈసీ తీయించి, లింకు డాక్యుమెంట్లు అడిగి, అమ్మేవాడికి ఆ హక్కు ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో వెనక్కి వెనక్కి చూసుకుంటాడు. ఆటల విషయంలో నేను చేసేదీ అదే. కాకపోతే ఇక్కడ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు లాంటిది ఉండదు. ట్రేడ్‌మార్క్ రిజిస్టర్, పుస్తకాల కాపీరైట్ పేజీలు, కంపెనీల ప్రకటనలు, ఆట రూపకర్తలు బాహాటంగా చెప్పిన మాటలు, వీటన్నిటి నుంచీ ఏరుకోవాలి. రూన్‌క్వెస్ట్ వరుస చూడడం మొదలుపెట్టాక, ఈ రంగంలో అడుగుపెట్టే ప్రతివాళ్లకూ చూపించదగ్గ కేసు ఇదేననిపించింది. అందుకే వివరంగా రాస్తున్నాను.

ఒక ఆటలో నాలుగు ఆస్తులు

ఆట గురించి తెలియనివాళ్లకు ముందుగా నాలుగు మాటలు. టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్‌లో బోర్డు ఉండక్కర్లేదు. ఒకరు కథ నడిపిస్తారు, మిగతావాళ్లు తలా ఒక పాత్రగా మాట్లాడతారు. పాత్ర తలపెట్టిన పని జరిగిందో లేదో పాచికలు తేలుస్తాయి. కొనేది పుస్తకం, ఆడేది మాటలతో.

ఆ పుస్తకంలో చట్టం దృష్టికి నాలుగు వేర్వేరు వస్తువులుంటాయి. అట్ట మీది పేరు ట్రేడ్‌మార్క్. లోపలి వాక్యాలు, బొమ్మలు కాపీరైట్. కథ నడిచే లోకం, అంటే అందులోని దేవతలు, రాజ్యాలు, పటాలు, చరిత్ర, ఇదీ కాపీరైటే, కానీ నియమాల పుస్తకంతో పనిలేకుండా దీన్ని విడిగా అమ్మొచ్చు, కౌలుకివ్వొచ్చు. నాలుగోది ఆడే పద్ధతి. పాచిక ఎలా వేయాలి, ఎంత వస్తే గెలుపు, దెబ్బ ఎక్కడ తగిలింది, ఇలాంటివి. ఇది ఎవరి సొత్తూ కాదు. 1879లో అమెరికా సుప్రీంకోర్టు బేకర్ వర్సెస్ సెల్డెన్ కేసులో లెక్కలు రాసే పద్ధతిని వివరించిన పుస్తకం గురించి ఈ మాటే చెప్పింది: పుస్తకానికి కాపీరైట్ ఉంటుంది, అది నేర్పే పద్ధతికి ఉండదు. ఇప్పటి అమెరికా కాపీరైట్ చట్టం 102వ సెక్షన్‌లోనూ ఇదే నియమం ఉంది.

సాధారణంగా ఈ నాలుగూ ఒకే ఇంట్లో ఉంటాయి కాబట్టి ఎవరికీ తేడా తెలియదు. రూన్‌క్వెస్ట్‌లో అవి విడిపోయాయి. పేరు ఒక ఊళ్లో, లోకం ఇంకో ఊళ్లో, అన్నీ మళ్లీ ఒకే ఇంటికి చేరడానికి ముప్ఫై ఏళ్లు.

మూల హక్కు

గ్రెగ్ స్టాఫర్డ్ కాలేజీ కుర్రాడిగా ఉండగా 1966లో గ్లోరాంతా అనే లోకాన్ని ఊహించడం మొదలుపెట్టాడు. పురాణాలంటే పిచ్చి ఉన్న మనిషి. ఆయన లోకంలో దేవతలు అలంకారానికి ఉండరు. పంట పండడం, యుద్ధం గెలవడం, పెళ్లి జరగడం, అన్నీ వాళ్ల కథల్లోంచే నడుస్తాయి. ఆ లోకం మీద తయారుచేసిన బోర్డు గేమ్‌ను అచ్చు వేయడానికి 1975లో కాలిఫోర్నియాలో కేయోసియమ్ కంపెనీ పెట్టాడు. 1978లో స్టీవ్ పెరిన్, రే టర్నీ, వాళ్ల మిత్రులు కలిసి అదే లోకానికి రోల్‌ప్లేయింగ్ నియమాలు రాశారు. అదే రూన్‌క్వెస్ట్.

నాలుగేళ్ల ముందు వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో పాత్రలు యోధుడు, మాంత్రికుడు అని తరగతులుగా ఉంటాయి, స్థాయిలు ఎక్కుతూ పోతాయి. రూన్‌క్వెస్ట్ ఆ రెంటినీ పక్కన పెట్టింది. ప్రతి విద్యకూ వందకు ఇంత అని ఒక అంకె. వాడిన విద్యే పెరుగుతుంది. కత్తి తిప్పినవాడికి కత్తి వస్తుంది, మాట్లాడినవాడికి మాట వస్తుంది. ఈ పద్ధతిని పిండి, 1980లో బేసిక్ రోల్‌ప్లేయింగ్ అనే చిన్న పుస్తకంగా వేశారు. మరుసటి ఏడు శాండీ పీటర్సన్ దాని మీద కాల్ ఆఫ్ కథుల్హు కట్టాడు. కేయోసియమ్‌కు ఆ తర్వాత దశాబ్దాలపాటు అన్నం పెట్టింది ఈ రెండో ఆటే. నా క్లయింట్ల ప్రశ్నకు జవాబు కూడా చివరికి ఆ చిన్న పుస్తకం దగ్గరే దొరికింది. దాని సంగతి తర్వాత.

1983 వరకూ హక్కుల వరుస శుభ్రంగా ఉంది. పేరు, పాఠం (అంటే లోపలి వాక్యాలు), లోకం ఒకే గడప లోపల.

1984: పేరు గడప దాటింది

కేయోసియమ్ చిన్న కంపెనీ. మంచి పుస్తకం రాయగలదు కానీ దేశమంతా దుకాణాలకు చేర్చే సత్తా లేదు. బాల్టిమోర్‌లోని అవలాన్ హిల్ యుద్ధ వ్యూహాల బోర్డు గేమ్‌లకు పేరున్న పెద్ద సంస్థ. ముద్రణ, అమ్మకాలు దాని బలం. ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు. 1984లో మూడో ముద్రణ అవలాన్ హిల్ నుంచి వచ్చింది. రూన్‌క్వెస్ట్ అనే పేరు అవలాన్ హిల్‌కు వెళ్లింది. గ్లోరాంతా స్టాఫర్డ్ పక్షానే ఉండిపోయింది. గ్లోరాంతా మీద ఏదైనా వేయాలంటే కేయోసియమ్ ఆమోదం కావాలి.

తన లోకాన్ని కాపాడుకున్నానని స్టాఫర్డ్ అప్పుడు అనుకుని ఉంటాడు. సృజనకారుడి వైపు నిలబడే లాయరుగా నేనున్నా "లోకం వదలకండి" అనే చెప్పేవాణ్ని. కానీ కాగితం మీద భద్రంగా కనిపించిన ఆ విభజనే రెండు వైపులా ఆటను ఎండగట్టింది.

ఎలాగంటే, పేరు కొన్నవాడికి లోకం వాడాలంటే ప్రతిసారీ ఇంకొకరి సంతకం కావాలి. వాడకపోతే సంతకం అక్కర్లేదు. వ్యాపారి ఎటు మొగ్గుతాడు? మూడో ముద్రణ పెట్టెలో ప్రధాన రంగస్థలం చరిత్రలోని ఐరోపాను పోలిన కాల్పనిక ప్రపంచం. గ్లోరాంతా పక్క పుస్తకమైంది. పాఠకులు ఏ ఊరి కోసం ఆ ఆటను ప్రేమించారో ఆ ఊరు పొలిమేరకు వెళ్లిపోయింది. అటు లోకం ఉన్నవాడికి దాన్ని ఆడించే ఆట చేతిలో లేదు. తాను రాసింది ఎదుటివాడు ఎప్పుడు వేస్తే అప్పుడు, ఎలా వేస్తే అలా. 1980ల రెండో సగంలో కొత్త గ్లోరాంతా పుస్తకాలు తగ్గిపోయి, పాతవాటి పునర్ముద్రణలు ఎక్కువయ్యాయి.

దేశాల వారీగా ఇచ్చిన లైసెన్సులు వేరే. బ్రిటన్‌లో గేమ్స్ వర్క్‌షాప్, ఫ్రాన్స్‌లో ఒరిఫ్లామ్ తమ తమ ముద్రణలు వేసుకున్నాయి. అసలు దేశంలో ఆట చిక్కిపోతున్న రోజుల్లో ఫ్రెంచ్ పాఠకులు దాన్ని తమ భాషలో హాయిగా ఆడుకున్నారు. భాష, భూభాగం విడగొట్టి ఇచ్చే కౌలు ఒక్కోసారి ఆటకు ప్రాణవాయువవుతుందని చెప్పడానికి ఇది నేను తరచూ వాడే ఉదాహరణ.

1992 ప్రాంతంలో కెన్ రోల్‌స్టన్ సంపాదకుడిగా వచ్చాక మూడేళ్లు మంచి కాలం. సన్ కౌంటీ, డోరాస్టర్ లాంటి పుస్తకాలు గ్లోరాంతాను మళ్లీ మధ్యకు తెచ్చాయి. అవే కంపెనీలు, అదే ఒప్పందం. మారిందల్లా రెండు వైపులా నమ్మకమున్న ఒక మనిషి మధ్యలో నిలబడడం. ఒప్పందంలోని ఆమోదం క్లాజు ఎంత బాగా రాసినా, దాన్ని రోజూ నడిపే మనిషి లేకపోతే అది తాళం మాత్రమే. ఆయన వెళ్లిపోయాక మళ్లీ మొదటికే వచ్చింది. గ్లోరాంతాను కేంద్రంగా పెట్టుకున్న నాలుగో ముద్రణ ముసాయిదా దగ్గరే ఆగిపోయింది.

ఆ తర్వాత అవలాన్ హిల్ ఒక అడుగు ముందుకేసి, గ్లోరాంతా ఊసే లేని, నియమాలు కూడా వేరైన ఆటను రూన్‌క్వెస్ట్ స్లేయర్స్ పేరుతో సిద్ధం చేసింది. పేరు సొంతదారుకు ఆ హక్కు పూర్తిగా ఉంది. అట్ట మీద పేరొక్కటే మిగిలి, లోపల పాతదేదీ లేని పుస్తకం. విభజన చివరికి ఎక్కడికి చేరుతుందో చూపించిన ఘట్టం ఇది. అచ్చుకు వెళ్లేలోపే 1998 ఆగస్టులో పెద్ద బొమ్మల కంపెనీ హాస్‌బ్రో అవలాన్ హిల్‌ను 60 లక్షల డాలర్లకు కొనేసింది. స్లేయర్స్ ఆగిపోయింది.

బీడు పడిన పేరు

మరుసటి ఏడు హాస్‌బ్రో విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్‌ను కూడా కొంది. దాంతో డంజన్స్ అండ్ డ్రాగన్స్ కూడా ఆ ఇంటికే వచ్చింది. ఒకే బీరువాలో ఒక మహావృక్షం, దాని పక్కన ఒక పాత మొక్క. 2000లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూడో ముద్రణ వచ్చింది. రూన్‌క్వెస్ట్ వైపు ఎవరూ చూడలేదు.

అటు కేయోసియమ్ ఇల్లు కూడా కాలిపోతున్న రోజులవి. కార్డుల ఆట మీద పెట్టిన పెట్టుబడి మునిగింది. 1998లో కంపెనీ ముక్కలైంది. గ్లోరాంతాను తీసుకుని స్టాఫర్డ్ బయటకొచ్చి ఇస్సరీస్ అనే కొత్త సంస్థ నడిపాడు. ఆయనకు ప్రాణమైన ఇంకో ఆట, ఆర్థర్ రాజు కథల పెండ్రాగన్, అప్పుల లెక్కలో గ్రీన్ నైట్ అనే సంస్థకు పోయింది. అది అక్కణ్నుంచి వైట్ వుల్ఫ్‌కు, తర్వాత నాక్టర్నల్ మీడియాకు చేతులు మారి, 2018లో గానీ కేయోసియమ్‌కు తిరిగి రాలేదు. అదంతా ఇంకో కేసు.

బయటకు వస్తూ స్టాఫర్డ్ వదలనిది ఒకటుంది. కుర్చీ వదిలాడు, కేయోసియమ్‌లో తన వాటాలు వదల్లేదు. పెద్ద వాటాదారుగానే ఉండిపోయాడు. ఈ ఒక్క వాక్యం మీద 17 ఏళ్ల తర్వాత కథ మొత్తం తిరిగింది. వ్యవస్థాపకులు కంపెనీ నుంచి తప్పుకునేటప్పుడు నా దగ్గరకొస్తే ఈ సంగతి చెప్పకుండా పంపను.

లోకం ఉంది, పేరు లేదు. కాబట్టి ఇస్సరీస్ 2000లో రాబిన్ లాస్ చేత పూర్తిగా వేరే నియమాలు రాయించి, హీరో వార్స్ అనే పేరుతో గ్లోరాంతా ఆట వేసింది.

ఇక ట్రేడ్‌మార్క్ చట్టంలోని ముఖ్యమైన మలుపు. పొలం బీడు పెట్టినా పట్టా పోదు. ట్రేడ్‌మార్క్ అలా కాదు. పేరును వ్యాపారంలో వాడుతూ ఉండాలి, రిజిస్ట్రేషన్‌ను గడువుల ప్రకారం నిలుపుకుంటూ ఉండాలి. అమెరికా చట్టంలో వరసగా మూడేళ్లు వాడకపోతే, సొంతదారు దాన్ని వదిలేశాడనడానికి అదే ప్రాథమిక సాక్ష్యం. మన 1999 ట్రేడ్‌మార్క్స్ చట్టం 47వ సెక్షన్‌లో ఈ గడువు అయిదేళ్లు. హాస్‌బ్రో రూన్‌క్వెస్ట్ పేరును నిలుపుకోలేదు. ఖాళీ అయిన ఆ పేరును స్టాఫర్డ్ సంస్థ తీసుకుంది. కొనుగోలు లేదు, కోర్టు లేదు. వాడని పేరు మీద హక్కు చల్లారింది, దాని కోసం కాచుకున్న మనిషి దరఖాస్తు పెట్టాడు.

ఇదే ఎత్తు అప్పటికే ఇంకోసారి పనిచేసింది. 1989లో మిల్టన్ బ్రాడ్లీ, గేమ్స్ వర్క్‌షాప్‌తో కలిసి హీరోక్వెస్ట్ అనే బోర్డు గేమ్ తెచ్చింది. మిల్టన్ బ్రాడ్లీ కూడా హాస్‌బ్రో ఇంటిదే. ఆ పేరు మీదా హక్కు జారిపోయింది. 1970ల చివర్లోనే స్టాఫర్డ్ బృందం రూన్‌క్వెస్ట్ తర్వాత హీరోక్వెస్ట్ వస్తుందని పాఠకులకు మాటిచ్చి ఉంది. ఇస్సరీస్ ఆ పేరును పట్టుకుని, 2003లో హీరో వార్స్ సవరించిన ముద్రణకు పెట్టింది.

కౌలుదారులు, వాళ్లు పట్టుకెళ్లిన పంట

పేరు, లోకం మళ్లీ ఒక చేతిలోకి వచ్చాయి. డబ్బు మాత్రం రాలేదు. అందుకని స్టాఫర్డ్ లైసెన్స్ దారి పట్టాడు. 2006లో బ్రిటన్‌కు చెందిన మంగూస్ పబ్లిషింగ్ రూన్‌క్వెస్ట్ వేసింది. నియమాలు పాత పుస్తకం నుంచి తీసుకోలేదు, కొత్తగా రాయించింది. పద్ధతికి కాపీరైట్ లేదు కాబట్టి వంద అంకెల పాచిక ఆటను కొత్త వాక్యాల్లో రాయడానికి అడ్డేమీ లేదు. ఆ నియమాలను ఓపెన్ గేమ్ లైసెన్స్ కింద అందరికీ వదిలింది కూడా. 2010లో లారెన్స్ విటేకర్, పీట్ నాష్ రాసిన రెండో రూపం వచ్చింది. మరుసటి ఏడే లైసెన్స్ ముగిసింది.

ఇక్కణ్నుంచి చూడండి. మంగూస్‌కు పేరు పోయింది, గ్లోరాంతా పోయింది. రాయించుకున్న పాఠం మిగిలింది. అదే పుస్తకాన్ని 2011లో లెజెండ్ అనే పేరుతో వేసుకుంది. విటేకర్, నాష్ డిజైన్ మెకానిజం అనే సొంత సంస్థ పెట్టి, రూన్‌క్వెస్ట్ లైసెన్స్ తామే తీసుకుని 2012లో ఆరో ముద్రణ తెచ్చారు. ఎంతోమంది ఆటగాళ్లు ఇప్పటికీ ఆ నియమాలే ఉత్తమమంటారు. ఆ లైసెన్సూ ముగిశాక 2016లో అదే పుస్తకం మిత్రాస్ అయింది. నా క్లయింట్ల ఐదో పుస్తకం రహస్యం అదే.

కౌలు గడువు తీరినప్పుడు పొలం యజమానికి, పంట కౌలుదారుకు. లైసెన్స్ ఇచ్చేవాళ్ల తరఫు లాయర్లు చాలామంది దీనికి ఒప్పుకోరు. "మా పేరు కింద మీరు రాసిందంతా మాదే" అనే క్లాజు ముసాయిదా మొదటి పేజీలోనే ఉంటుంది. నేనూ అలాంటివి రాశాను. రూన్‌క్వెస్ట్ చూశాక నా అభిప్రాయం మారింది. ఆ క్లాజు ఉండి ఉంటే, జీవితంలో మంచి ఏళ్లను ఒక నియమాల పుస్తకం మీద పెట్టే రచయితలు దొరికేవారా? దొరికినా, లైసెన్స్ తీరిన రోజున ఆ పుస్తకం బీరువాలో చచ్చిపోయేది. యజమాని కొత్త ముద్రణ వేసుకుంటున్నాడు కాబట్టి పాతదాన్ని ఎలాగూ అచ్చు వేయడు. ఇప్పుడేమైంది? రూన్‌క్వెస్ట్, లెజెండ్, మిత్రాస్ మూడూ బయటికొచ్చాయి. పాఠకులకు నష్టం లేకపోలేదు. కొన్న అనుబంధ పుస్తకాల మీద పేర్లు మారాయి, ఏది దేనికి సరిపోతుందో తెలుసుకోవడానికి కొత్తవాళ్లు తికమకపడ్డారు. అయినా ఒక్క ఆట కూడా అటకెక్కలేదు. నాకు అదే ముఖ్యం.

ఈలోగా గ్లోరాంతా, రూన్‌క్వెస్ట్, హీరోక్వెస్ట్ మూడూ ఇస్సరీస్ నుంచి మూన్ డిజైన్ అనే సంస్థకు అమ్మకమయ్యాయి. ఆ సంస్థను నడిపినవాళ్లు గ్లోరాంతా పాఠకులుగా మొదలైనవాళ్లే. పాత పుస్తకాలను తిరిగి అచ్చు వేస్తూ పైకొచ్చారు.

2015: తిరిగి ఒకే గడప

2013లో కాల్ ఆఫ్ కథుల్హు ఏడో ముద్రణ కోసం కేయోసియమ్ జనం దగ్గర ముందస్తు డబ్బు సేకరించింది. 5 లక్షల డాలర్లు దాటింది. పుస్తకాలు మాత్రం గడువుకు రాలేదు, కంపెనీ ఊపిరాడని స్థితికొచ్చింది. 2015 జూన్‌లో స్టాఫర్డ్, శాండీ పీటర్సన్ తమ వాటాల బలంతో తిరిగొచ్చి యాజమాన్యాన్ని మార్చారు. కొన్ని వారాలకే మూన్ డిజైన్ బృందాన్ని కంపెనీ యాజమాన్యంలోకి తెచ్చారు. వాళ్లతోపాటు గ్లోరాంతా, రూన్‌క్వెస్ట్ వచ్చాయి.

1984లో గడప దాటిన పేరు 2015లో పుట్టింటికి చేరింది. ఆ ఏడాది చివర్లోనే రెండో ముద్రణ పాత పుస్తకాన్ని రూన్‌క్వెస్ట్ క్లాసిక్‌గా తిరిగి అచ్చు వేయడానికి పూనుకున్నారు. తాను రాయించిన పుస్తకాన్ని దాని సొంత పేరుతో అమ్ముకోవడానికి ఆ ఇంటికి మూడు దశాబ్దాలు పట్టింది. 2018లో రెండో ముద్రణ వెన్నెముక మీద కట్టిన కొత్త రూన్‌క్వెస్ట్ వచ్చింది. ఈసారి పేరులోనే గ్లోరాంతా ఉంది, రోల్‌ప్లేయింగ్ ఇన్ గ్లోరాంతా అని. పేరునూ లోకాన్నీ మళ్లీ ఎవరూ విడదీయకుండా వేసిన ముడిలా కనిపిస్తుంది నాకు ఆ శీర్షిక. అదే ఏడు అక్టోబరు 10న స్టాఫర్డ్ కన్నుమూశాడు. పుస్తకాన్ని చూసే వెళ్లాడు. స్టీవ్ పెరిన్ 2021 ఆగస్టులో వెళ్లిపోయాడు.

హీరోక్వెస్ట్ సంగతి కూడా ఇక్కడే ముగిస్తాను. 2013లో ఒక స్పెయిన్ సంస్థ పాత బోర్డు గేమ్‌ను అదే పేరుతో తిరిగి తేవాలని కిక్‌స్టార్టర్‌లో డబ్బు సేకరిస్తుంటే, మూన్ డిజైన్ తన ట్రేడ్‌మార్క్ చూపించి ఆపించింది. బోర్డు గేమ్ తయారుచేసినవాడిది కాదు, పేరు పట్టుకున్నవాడిది పైచేయి. 2020లో కేయోసియమ్ ఆ పేరును హాస్‌బ్రోకు అమ్మేసింది. కొన్నాళ్లకే హాస్‌బ్రో పాత బోర్డు గేమ్‌ను అవలాన్ హిల్ ముద్ర కింద తిరిగి తెచ్చింది. కేయోసియమ్ తన ఆటకు క్వెస్ట్‌వరల్డ్స్ అని పేరు మార్చుకుంది. ఒకప్పుడు హాస్‌బ్రో జారవిడిచిన రెండు పేర్లలో ఒకటి డబ్బు పోసి వెనక్కి కొనుక్కోవలసి వచ్చింది. రెండోదాన్ని ఇటువాళ్లు వదల్లేదు. నా లెక్కలో మంచి నిర్ణయం. హీరోక్వెస్ట్ అనగానే లక్షలమందికి గుర్తొచ్చేది ఆ బోర్డు గేమే. తన ఆటకు పూర్తిగా అతకని పేరును అమ్మి, ఆటను నిలుపుకోవడంలో తప్పులేదు.

క్లయింట్లకు ఇచ్చిన సలహా

ఇంత వరుస చూశాక జవాబు నాలుగు ముక్కల్లో వచ్చింది.

పేరు కేయోసియమ్‌ది. "రూన్‌క్వెస్ట్" అనే మాట గానీ, దాన్ని తలపించే తెలుగు పేరు గానీ అట్ట మీద పెట్టొద్దన్నాను. గ్లోరాంతా కూడా వాళ్లదే. అందులోని దేవుళ్లు, తెగలు, ఊళ్లు ముట్టుకోకూడదు. ఆ లోకంలోనే రాయాలనుకునేవాళ్లకు 2019లో జాన్స్‌టౌన్ కంపెండియం అనే పథకం పెట్టారు. అందులో చేరితే గ్లోరాంతా మీద రాసి డిజిటల్‌గా అమ్ముకోవచ్చు, రాబడిలో వాటా ఇవ్వాలి. మావాళ్లకు సొంత లోకం ఉంది కాబట్టి అది అక్కర్లేదు. పద్ధతికి ఎవరి అనుమతీ అవసరం లేదు.

మిగిలింది పాఠం. నియమాలన్నీ మొదటి నుంచి సొంత వాక్యాల్లో రాసుకుంటే ఎవరి లైసెన్సూ వద్దు. కానీ సిద్ధంగా ఉన్న పాఠాన్ని అనువదించుకుంటే ఏడాది పని తప్పుతుంది. అనువాద హక్కు కాపీరైట్‌లో భాగం, కాబట్టి లైసెన్స్ కావాలి. ఏ లైసెన్స్?

మంగూస్ పాఠాలు ఓపెన్ గేమ్ లైసెన్స్ కింద ఉన్నాయి. 2000లో విజార్డ్స్ తెచ్చిన ఆ లైసెన్స్‌ను అందరూ ఇరవై ఏళ్లపాటు చెక్కుచెదరనిదిగా నమ్మారు. 2023 జనవరిలో దాని కొత్త ముసాయిదా బయటపడింది. పాత రూపానికి ఇక అధికారిక గుర్తింపు లేదని అందులో ఉంది. ఏటా 7,50,000 డాలర్లు దాటిన రాబడి మీద రాయల్టీ అడిగారు. పాత లైసెన్స్‌లో "శాశ్వతం" అనే మాట ఉంది, "రద్దు చేయరానిది" అనే మాట లేదు. ఆ ఒక్క మాట లేకపోవడం మీద ఎన్నో చిన్న కంపెనీల బతుకు ఊగిసలాడింది. ఆటగాళ్ల ఆగ్రహంతో జనవరి 27న విజార్డ్స్ వెనక్కి తగ్గి, తన మూల నియమాలను క్రియేటివ్ కామన్స్ అనే స్వేచ్ఛా లైసెన్స్ కింద కూడా విడుదల చేసింది. దెబ్బ తప్పింది. కానీ కొత్త క్లయింటును ఆ గొడుగు కిందికి పంపడానికి నాకు మనసొప్పలేదు.

ఆ తుపానులోనే పైజో సంస్థ ముందుండి, కేయోసియమ్ వంటి సంస్థలు తోడై ఓఆర్‌సీ (ఓపెన్ ఆర్‌పీజీ క్రియేటివ్; ఆర్‌పీజీ అంటే రోల్‌ప్లేయింగ్ గేమ్) లైసెన్స్ తెచ్చాయి. ఏ ప్రచురణకర్తకూ చెందని, రద్దు చేయడానికి వీల్లేని లైసెన్స్. ముసాయిదా రాసింది ఒక లాయర్ల సంస్థ. 2023లోనే కేయోసియమ్ తన బేసిక్ రోల్‌ప్లేయింగ్ పెద్ద పుస్తకాన్ని దీని కింద వదిలింది. 1980 నాటి ఆ చిన్న పుస్తకం వంశమే ఇది, రూన్‌క్వెస్ట్ ఎముకలే ఇందులోనూ ఉన్నాయి. మావాళ్లకు కావలసింది అక్షరాలా ఇదే.

ఇందులో ఒక షరతు గట్టిగా చెప్పాను. ఓఆర్‌సీ కింద ఆడే నియమాలన్నీ ఉమ్మడి. నువ్వు తీసుకున్న నియమాలకు నువ్వు చేర్చిన మార్పులు కూడా ఆ ఉమ్మడిలోకే పోతాయి, రేపు ఇంకొకరు అడక్కుండానే వాడుకోవచ్చు. నీ కథ, పాత్రలు, బొమ్మలు, పేరు మాత్రం నీవి. పుస్తకంలో లైసెన్స్ ప్రకటన, ఎవరి పాఠం నుంచి తీసుకున్నామన్న కృతజ్ఞత తప్పనిసరి. వాళ్లిద్దరూ ఒకరోజు ఆలోచించుకుని ఒప్పుకున్నారు.

అసలు పని ఆ తర్వాత పడింది. "మీ ఇద్దరి మధ్య ఒప్పందం ఉందా?" అని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చిన్నప్పటి స్నేహితులు. లోకం ఒకరి ఊహ, బొమ్మలు ఇంకొకరి చేతి పని, పేరు ఇద్దరూ కలిసి పెట్టుకున్నది. 1984 ఒప్పందం కథ మొత్తం ఆ రోజు వాళ్లకు చెప్పాను.

మన 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ రచయితలకు కొంత రక్ష ఇస్తుంది. బదిలీ పత్రంలో గడువు రాయకపోతే అయిదేళ్లు, భూభాగం రాయకపోతే భారతదేశం వరకే. హక్కు తీసుకున్నవాడు ఏడాదిలోపు దాన్ని వాడకపోతే, పత్రంలో వేరేగా రాసుకుంటే తప్ప, ఆ హక్కు వాడకుండా ఉన్నంతమేరకు రద్దయినట్టే. చాలా ముసాయిదాల్లో "19వ సెక్షన్ నాలుగో ఉపవిభాగం వర్తించదు" అని ఒక పంక్తి సన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ పంక్తి కనబడితే నేను కొట్టేస్తాను. రూన్‌క్వెస్ట్ పేరు హాస్‌బ్రో బీరువాలోంచి బయటపడింది ట్రేడ్‌మార్క్ చట్టం పుణ్యాన. పాఠానికి అలాంటి చట్టం అన్ని దేశాల్లోనూ లేదు, కాబట్టి ఒప్పందంలోనే రాసుకోవాలి.

వాళ్ల పత్రంలో మూడు క్లాజులు రాశాం. పేరు, లోకం కలిపే ఉండాలి, ఒకదాన్ని వదిలి ఇంకోదాన్ని అమ్మడానికి వీల్లేదు. ఎవరికి లైసెన్స్ ఇచ్చినా రెండేళ్లు అచ్చులో లేకపోతే హక్కు దానంతటదే వెనక్కి రావాలి. విడిపోతే, ఎవరు రాసిన పాఠం, ఎవరు వేసిన బొమ్మ వాళ్లు వేరే పేరుతో వాడుకోవచ్చు. మూడో క్లాజు దగ్గర బొమ్మలు వేసే అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు. "వీడితో విడిపోవడం గురించి ఇప్పుడే రాయాలా సార్?" అన్నాడు. ఇద్దరూ మంచిగా ఉన్న రోజునే రాయాలని చెప్పాను. మూడోసారి కూర్చున్నప్పుడు సంతకాలయ్యాయి.

అదే వారం ఆట పేరుకు 16, 28 తరగతుల్లో ట్రేడ్‌మార్క్ దరఖాస్తు వేశాం. ఒకటి అచ్చు పుస్తకాలకు, ఒకటి ఆటవస్తువులకు. దరఖాస్తుదారులుగా ఇద్దరి పేర్లూ ఉన్నాయి.